బెండు కన్నంలోంచి

విశాఖ ఫిషింగ్ హార్బర్లో గురువులు కళ్ళ గురించి రెండు మాటలు నడిచేవి. ఒకటి పొగడ్త. పది మైళ్ళ అవతల ఓడ మీద ఎగిరే జెండా రంగు చెప్పగలడని, ఒడ్డునున్న కొండల్ని గుర్తులు పెట్టుకుని బోటు నడపడంలో అంతటి సరంగు మరొకడు లేడని. రెండోది తిట్టు. గురువులికి కళ్ళు నెత్తికెక్కాయని, పక్కనుంచి చెయ్యెత్తితే పలకడని, చెయ్యి చాపితే అందుకోడని. రెండు మాటలూ నిజమే. రెండోదానికి అసలు కారణం ఏమిటో మాత్రం అతనికి నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. అతనికి అసలే తెలియలేదు.

ఆ దూరపు చూపు తాత నూకరాజు నుంచి వచ్చిందని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఆ తాత యాభై దాటాక చూపు పూర్తిగా పోయి, ఇరవై రెండేళ్ళు అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చుని కూర్చుని పోయాడు. సముద్రం అంత చూపు ఊరికే ఇస్తుందా, ఇచ్చింది, తీసేసుకుంది అన్నారు. అందులోనూ వాళ్ళకో గొప్పే. మనవాళ్ళు అంతే, జబ్బుకి కూడా వంశగౌరవం అని పేరు పెట్టుకోగల సమర్థులు. గురువులు తండ్రి ఇరవై ఎనిమిదేళ్ళకే తుఫానులో పోయాడు, కాబట్టి ఆయన కళ్ళ సంగతి బయటపడే వీలే లేకపోయింది.

గురువులికి చిన్నప్పట్నుంచీ రేచీకటి ఉంది. భార్య పోతమ్మ వారానికి రెండుసార్లు మేక కార్జం వండి పెట్టేది. పొద్దుగూకితే బామ్మర్ది నాగబాబు చుక్కాని పట్టేవాడు. బోటు ఇద్దరిదీ కాబట్టి అందులో ఎవరికీ వింత కనపడలేదు. గత రెండేళ్ళుగా మాత్రం పగలు కూడా గుమ్మాలు మోకాళ్ళకి తగులుతున్నాయి, గ్లాసులు దొర్లిపోతున్నాయి. వేలంపాట దగ్గర చిట్టమ్మ రొయ్యల బుట్టని మూడుసార్లు తన్నేశాడు. "తాగొచ్చేవేటి?" అని చిట్టమ్మ అరిచింది. గురువులు తాగడని అందరికీ తెలుసు. అదింకా పెద్ద నేరమైపోయింది. తాగనివాడు తన్నాడంటే కావాలనే తన్నాడన్నమాట.

ఏటా ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, బోట్లకి వేట నిషేధం. ఆ నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో మొదలవుతుందనగా, ఒక పొద్దున్న బోటు తిరిగొస్తోంది. ఎనిమిది గంటలై ఉంటుంది, ఎండ తెల్లగా కాస్తోంది. గురువులు డాల్ఫిన్ నోస్ కొండ మీద చూపు నిలిపి చుక్కాని పట్టుకున్నాడు.

"బావా! ఎడం! ఎడం పక్క తెప్ప!" అని నాగబాబు ముందు కొసన నుంచుని గొంతు చించుకున్నాడు.

గురువులు చుక్కాని బలంగా తిప్పాడు. అయినా అడుగున కర్ర విరిగిన చప్పుడు వినపడింది. తెప్ప మీదున్న ముసలాయన ముందే నీళ్ళలోకి దూకేశాడు. తాడు వేసి పైకి లాగారు. ఆయన తిడతాడని అందరూ ఎదురు చూశారు. తిట్టలేదు. నీళ్ళోడుతూ గురువులు మొహంలోకి చూసి, "సూసే వత్తన్నావనుకున్నాన్రా. నీ మొగం నావేపే ఉంది కదా, పక్కకి తిప్పీస్తావులే అని నాను తెడ్డు కూడా ఎయ్యలేదు" అన్నాడు.

గురువులు మర్నాడే కొత్త దుంగలు తెచ్చి ముసలాయన తెప్ప కట్టించి ఇచ్చాడు.  ఆయన తిట్టి ఉంటే బాగుండేదని మాత్రం అనుకుంటూనే ఉన్నాడు.

కూతురు అనూరాధకి ఇరవై ఏళ్ళు. సీతమ్మధారలో ఒక కళ్ళాసుపత్రిలో సహాయకురాలి పని నేర్చుకుంటోంది. తెప్ప సంగతి విని, "నాన్నా, రేపు నాతో ఆసుపత్రికి రా" అంది.

"కార్జం పెడతన్నాను కదే" అంది పోతమ్మ, తన వంట మీద నింద పడ్డట్టు.

"కార్జంతో పోయే రేచీకటి ఏరే ఉంటాదమ్మా. ఇది అది కాదు."

ఆసుపత్రిలో మొదట గోడ మీద అక్షరాలు చదవమన్నారు. గురువులు చదివాడు, చివరి వరసతో సహా. ఆ అట్ట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న అచ్చాఫీసు పేరు కూడా చదివి, ఇంకేమైనా ఉందా అన్నట్టు కాలు మీద కాలేసుకున్నాడు. తరవాత ఒక గుండ్రటి గిన్నెలాంటి మిషను ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. మధ్యలో చుక్కని చూస్తూ ఉండాలి, చుట్టుపక్కల ఎక్కడ దీపం మెరిసినా చేతిలో మీట నొక్కాలి. గురువులు నొక్కాడు. ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"మిషను పాడైపోనాదేటమ్మా? దీపాలు రాట్లేదు" అన్నాడు.

పక్కనున్న అనూరాధ మిషను వైపు చూసింది. దీపాలు వస్తూనే ఉన్నాయి.

డాక్టర్ అర్జునరావు కాగితం బల్ల మీద పెట్టాడు. కాగితం నిండా నలుపు, నడుమ మాత్రం రూపాయి బిళ్ళంత తెలుపు. "గురువులు గారూ, మీరు చూసే లోకం ఈ తెల్లటి చోటు. మిగతాది మీకు నల్లగా కనపడదు, అసలు కనపడదు. అందుకే లేదని మీకే తెలియదు" అన్నాడు. జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా అనీ, కంటి వెనక ఉండే పొరలో చూపు కణాలు అంచులనుంచి ఒక్కొక్కటే ఆరిపోతాయనీ, పుట్టుకతోనే రక్తంలో వస్తుందనీ చెప్పాడు. "ముందు రాత్రి చూపు పోతుంది, తరవాత పక్క చూపు, ఆఖరికి నడిమి చూపు. మీ తాతగారిది కూడా ఇదే అయి ఉంటుంది."

"నాకెన్నాళ్ళుంటాది?"

"నడిమి చూపు ఇంకో పది పదిహేనేళ్ళు ఉండొచ్చు. ఎక్కువా ఉండొచ్చు, తక్కువా కావచ్చు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకేలా నడవదు. దీన్ని ఆపే మందు ఇప్పుడు నా దగ్గర లేదు. ఒక్క రకం లోపానికి మాత్రం వైద్యం వచ్చింది, మీది అదేనేమో రక్తం పంపి చూద్దాం. కాకపోవచ్చు, ముందే చెబుతున్నాను. కానీ శుక్లం వస్తే తియ్యగలం, వాపు వస్తే తగ్గించగలం. ఆరునెలలకోసారి రండి. తల తిప్పి చూడడం అలవాటు చేసుకోండి. మీ కన్ను పక్కకి వెళ్ళదు, మీరే తీసుకెళ్ళాలి."

"సుక్కాని పట్టొచ్చా?"

"పట్టకూడదు."

చెంప మీద కొట్టినట్టు చెప్పాడు. గురువులికి అదే నచ్చలేదు, అందుకే నమ్మాడు. బల్ల మీది కాగితం వెనక్కి తోసి, "మరి పిల్లలకి?" అన్నాడు.

"మీ ఇంట్లో వచ్చిన తీరు చూస్తే, ప్రతి బిడ్డకీ రావడానికీ రాకపోవడానికీ సగం సగం" అని డాక్టరు గురువులు భుజం మీదుగా వెనక్కి చూసి ఆగిపోయాడు. అక్కడ అనూరాధ నుంచుని ఉంది. గురువులు తల తిప్పలేదు. తల తిప్పమని అప్పుడే కదా చెప్పారు, అలవాటు కావద్దూ.

"ముందు నీది కానీ నాన్నా, నాది తరవాత" అంది అనూరాధ.

వచ్చేటప్పుడు ఆసుపత్రి నుంచి మడతపెట్టే తెల్లకర్రలు రెండు తెచ్చింది. "రెండెందుకే?" అని పోతమ్మ అడిగితే, "ఒకటి పోతే ఇంకోటి" అంది. పోతమ్మ ఆ కర్రల్ని శవాన్ని చూసినట్టు చూసి బీరువా మీదకి విసిరేసింది.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. గురువులు మూడు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. నాలుగో రోజు ఒక నిర్ణయానికి వచ్చి నాగబాబుని పిలిచాడు. వాళ్ళ బోటులో ఒక ఆనవాయితీ ఉంది. నిషేధం విడిచిన రోజు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి చుక్కాని పట్టినవాడే ఆ ఏడాదంతా సరంగు. మధ్యలో సరంగు మారితే బోటుకి అరిష్టమని నమ్మకం.

"ఈయేడు కూడా నానే పడతాను. నువ్వు ముందు కొసని నుంచో. కుడికి ఏదొస్తే ఒకసారి ఈలెయ్యి, ఎడమకొస్తే రెండుసార్లు. ఎవుడికీ తెల్దు" అన్నాడు.

నాగబాబు అక్కా బావల చేతుల్లో పెరిగినవాడు. బావ దూకమంటే దూకుతాడు. "అలగే బావా" అన్నాడు.

వంటింట్లోంచి పోతమ్మ గరిటెతో సహా వచ్చింది. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది మీ ఇద్దరి యవ్వారం. ఆ ముసిలోడు ఈత వచ్చినోడు గనక బతికేడు. ఇంకోడికి రాకపోతే? ఆడి పెళ్ళానికి ఏటి సెప్తావు, ఈల ఇనపల్లేదని సెప్తావా?"

"సరంగు పని పోతే నానేటి? తాతలాగ అరుగు మీద కూకోమంటావా?" అని గురువులు అరిచాడు. పోతమ్మ గరిటెతో వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ రెండు నెలలూ అతను పట్టిన పట్టు చూస్తే ముచ్చటేసేది, అది మంచి పనికై ఉంటే. బోటులో అడుగులు లెక్కపెట్టుకున్నాడు. చుక్కాని నుంచి ఇంజను మెట్లు నాలుగు, ఐసు పెట్టె తొమ్మిది. ఈలలు సాధన చేశారు. చూసినవాళ్ళు ఈ వయసులో ఈ బావాబామ్మర్దులకి ఇదేం సరసమని నవ్వుకున్నారు.

ఒక రోజు వల బాగుచేస్తూ, నీళ్ళలో తేలడానికి అంచుకి కట్టే ప్లాస్టిక్ బెండు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తాడు దూర్చే కన్నంలో ఉప్పు పేరుకుందేమోనని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. అవతల రాళ్ళ గోడ, దాని మీద కాకి. రెండో కన్ను మూసి, బెండు తీసేశాడు. రాళ్ళ గోడ, దాని మీద కాకి. అంతే. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఏమీ తేడా లేదు. డాక్టరు కాగితం చూసినప్పుడు కలగని భయం అప్పుడు కలిగింది. బెండుని జేబులో వేసుకున్నాడు, ఎవరికీ చూపించలేదు.

జూన్ పద్నాలుగు సాయంత్రం వచ్చింది. తెల్లారితే బోట్లన్నీ కదులుతాయి. ఐసు ఎక్కించి పనివాళ్ళు ఇళ్ళకి వెళ్ళారు. మసక పడుతోంది. ఆ వెలుగులో గురువులికి ఎలాగూ ఏమీ కనపడదు, అందుకని బోటులో ఒక్కడే కూర్చుని అనూరాధ తెచ్చే క్యారేజీ కోసం చూస్తున్నాడు. చూస్తున్నాడంటే, వింటున్నాడు.

ఒడ్డు నుంచి బోటుకి వేసిన పలక మీద అడుగు పడింది. ఆగింది. చెప్పు ముందుకు జరిగి పలక అంచుని తడిమింది. మళ్ళీ ఆగింది. తరవాత బోటు కమ్మీ మీద అరచెయ్యి రాసుకుంటూ వచ్చింది. గురువులికి తన నడక తనే వింటున్నట్టు అనిపించింది. అంతలో ఐసు పెట్టెకి మోకాలు ఠపీమని తగిలింది, క్యారేజీ దొర్లిపోయింది, పులుసు వాసన కొట్టింది.

"ఎవులది?"

"నానే నాన్నా. సూసుకోలేదు."

"ఎప్పుట్నించి?"

"ఏది?"

"అలగ తడుముకుని నడవడం."

అనూరాధ వచ్చి పక్కన కూర్చుంది. మోకాలు రాసుకుంటున్న చప్పుడు వినపడింది. "జనవరిలో కొత్త మిషను వచ్చినాది. పని సేత్తందో నేదో సూడ్డానికి మమ్మల్నే కూకోబెట్టేరు. అందరికీ తెల్ల కాయితం వచ్చినాది. నాకు అంచులు నల్లగా వచ్చినాయి. అప్పుడే నీ గురించి అనుమానమొచ్చినాది."

"జనవరి నించీ నీకు తెలుసు. నాకెందుకు సెప్పలేదే?"

"నీది తేలీదాకా అనుమానమే కదా. తేలినాక నువ్వేటి సేత్తావో సూద్దారని."

తరవాతి మాటలు, అనూరాధ ముందే ఎన్నోసార్లు లోపల అనుకున్నవాటిలా వచ్చాయి.

"తాత గోడేపు తిరిగి కూకున్నాడు. నువ్వు మావయ్య ఈల ఎనకాల దాక్కుంటన్నావు. నాకు ఈ రెండే దారులుంటే నాకు రెండూ వద్దు నాన్నా. నీకంటే నాకు సానా టైముంది. మూడోది ఉంటే నువ్వు ముందు నడిసి సూపెట్టు. నీ ఎనకాల నాను వత్తాను."

గురువులికి ఏడుపొచ్చింది. పెద్దగానే ఏడ్చాడు. పది మైళ్ళ అవతల జెండా చూసేవాణ్ణని విర్రవీగినవాడు, ఇంట్లో పక్కనే తడుముకుంటూ తిరిగే పిల్లని చూడలేకపోయాడు. తన మీద తనకి పుట్టిన అసహ్యం, పిల్ల మీద జాలి, అన్నీ కలిసి వచ్చాయి. అనూరాధ ఓదార్చలేదు. దొర్లిన క్యారేజీ తడిమి తీసి, "పులుసు పోనాది గానీ అన్నం ఉంది, తిను" అంది.

తెల్లారాక పోతమ్మ లేచి చూసేసరికి గురువులు స్టూలెక్కి బీరువా మీద చేత్తో తడుముతున్నాడు. "ఏటి కావాలి?" అంది. "కర్ర" అన్నాడు. పోతమ్మ తనే తీసి కొంగుతో దుమ్ము తుడిచి చేతికిచ్చింది.

నిషేధం విడిచిన రోజు హార్బర్ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పూలు, పసుపు, డప్పులు, కాలు పెట్టడానికి చోటుండదు. ఆ జనం మధ్యలోంచి గురువులు తెల్లకర్ర తాటించుకుంటూ వచ్చాడు. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్ళే అందరూ. డప్పు కొట్టేవాడు కూడా ఆగిపోయాడు. గురువులు మొహం కందిపోయింది, సిగ్గుతో చెమటలు పట్టాయి. అయినా ఆగలేదు. వెనక మూడడుగుల దూరంలో అనూరాధ నడుస్తోందని అతనికి తెలుసు. కర్ర ఒకచోట మెత్తగా తగిలింది. తల దించి చూస్తే బుట్ట.

"చిట్టమ్మా, ఇది నీదేనా? ఈపాలి తన్నన్లే" అన్నాడు.

చిట్టమ్మకి అప్పుడర్థమైంది. "ఓలమ్మా, నాను నిన్ను ఎన్ని మాటలన్నాన్రా తమ్ముడా" అని నోరు నొక్కుకుంది.

బోటు దగ్గర ఏడుగురు పనివాళ్ళూ పోగయ్యారు. నాగబాబు కొబ్బరికాయ తెచ్చి బావ చేతిలో పెట్టి, "రెడీయా?" అని రహస్యంగా ఒక ఈల వేశాడు. గురువులు కాయ పక్కన పెట్టి, జేబులోంచి బెండు తీశాడు, వల దగ్గర్నుంచి ఇంకోటి తీశాడు. రెండూ నాగబాబు రెండు కళ్ళకీ ఆనించి, అతని చేతులతోనే పట్టించాడు.

"నడు" అన్నాడు.

"బావా, ఏటిది?"

"నడవరా."

నాగబాబు రెండడుగులు వేసి తాళ్ళ చుట్ట తన్నుకుని బోర్లా పడబోయాడు. ఎవరో నవ్వారు. గురువులు బెండ్లు ఒక పనివాడికిచ్చాడు, తరవాత ఇంకొకడికి. ఏడుగురూ పెట్టుకుని చూసేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"నాకు కనిపించేది అంతే. రాన్రానూ అది కూడా తగ్గిపోతాది. మా తాతది ఇదే జబ్బు. నా కూతురిదీ ఇదే" అన్నాడు. ఆ ఆఖరి మాట తరవాత కర్ర మరో చేతికి మార్చుకుని మళ్ళీ మొదలెట్టాడు. "ఆ ముసిలాయన నా మొగం సూసి నమ్మి తెడ్డెయ్యలేదు. నమ్మినోడి మీదకే బోటు ఎక్కించేసేను. నాగబాబూ, నువ్వు ఈలేసే లోపల తెప్ప ముక్కలైపోతాది. సుక్కాని నువ్వట్టు."

"నువ్వుండగా నానట్టడమా?" నాగబాబు కళ్ళు తుడుచుకున్నాడు. "మరి నువ్వు ఒడ్డున కూకుంటావా?"

"ఎందుకు కూకుంటాను? దూరం నాకింకా కనిపిస్తాది. కొండ గుర్తులన్నీ నీకు సెప్పీవరకూ నీ పక్కనే ఉంటాను. తరవాత సూపు లేకపోనా వల అల్లే సేతులుంటాయి, ఇంజను ఇనే సెవులుంటాయి. పదేళ్ళుంది. పదేళ్ళలో మనిసి ఏదైనా నేర్సుకుంటాడు."

ఆ గుర్తులు వాళ్ళ వంశంలో మగపిల్లలకి తప్ప పోలేదు. బామ్మర్దికి చెబుతున్నాడని తెలిస్తే తాత లేచి వచ్చి తన్నేవాడు. నాగబాబు ఇంకేమీ అనలేక కొబ్బరికాయ అందుకుని కొట్టి, చుక్కానికి దణ్ణం పెట్టి పట్టుకున్నాడు.

బోటు కదిలింది. గురువులు పక్కన నుంచుని ఒడ్డువైపు తల తిప్పడం మొదలెట్టాడు. డాక్టరు చెప్పినట్టు నిదానంగా, ఒక కొస నుంచి. డప్పులవాళ్ళు వచ్చారు, పోయారు. చిట్టమ్మ వచ్చింది, పోయింది. కళ్ళొత్తుకుంటున్న పోతమ్మ దగ్గర కాసేపు ఆగి, ఇంకొంచెం తిప్పాడు. అనూరాధ దొరికింది. తల నుంచి కాళ్ళ దాకా మొత్తం ఆ చిన్న కన్నంలో పట్టింది. ఆమె చేతిలో బీరువా మీదుండాల్సిన రెండో కర్ర ఉంది. అందరూ చూస్తుండగా మడతలు విప్పి, నేలకి ఆనించి నుంచుంది.

గురువులు తన కర్ర పైకెత్తి చూపించాడు. ఆమె కూడా ఎత్తింది. తరవాత అతను తల ముందుకి తిప్పి, నాగబాబుకి మొదటి కొండ గుర్తు చెప్పాడు.